సమ్మతితో హరికా, సమ్మతి శ్రీహరికా?

రేపల్లె ప్యాసింజర్: పోతన గారు భాగవతాన్ని రాజులకి కాక హరికే అంకితమిచ్చానని చెప్పిన "ఇమ్మనుజేశ్వరాధముల" పద్యం మూడో పాదం పొద్దున్నుంచి నోట్లో నానుతోంది. బళ్లో "సమ్మతితో హరి కిచ్చి" అని బట్టీపట్టినట్టు గుర్తు, ఇంట్లో పుస్తకంలో "సమ్మతి శ్రీహరి కిచ్చి" అని ఉంది. ఏది వెయ్యాలి? మా స్వచ్ఛంద సంస్థ కరపత్రం తెస్తోంది, విరాళం పుచ్చుకుంటే నోరు కుట్టేసుకోవాలా అని. బందులు, హర్తాళ్లు, రాస్తారోకోలు, రైల్‌రోకోలు, జైల్‌భరోలు అలవాటుగా చేసే సంస్థకి రాజకీయ ముద్ర వేసి విదేశీ విరాళాలు ఆపొచ్చని విదేశీ విరాళాల చట్టం (FCRA) 2011 రూల్స్‌లో ఉండేది కదా, ఇన్సాఫ్ అనే సంస్థ వేసిన కేసులో 2020 మార్చి 6న సుప్రీంకోర్టు దాని కోరలు పీకిందిగా, ఆ సంగతే. పైన పద్యం, కింద తీర్పు. శుక్రవారం ప్రెస్సుకెళ్లాలి.

గణాల గోల: "సమ్మతితో". "సమ్మతి శ్రీ" అంటే శ్రీ దెబ్బకి తి గురువైపోద్ది, అక్కడ ఉండాల్సిన భగణం (గురువు, రెండు లఘువులు) పోయినట్టే.

పాత పంతులు: ఏం పోదు నాయనా. సమాసం కాదు, విడి మాటలు, తి లఘువుగానే నిలుస్తుంది. అదే పాదంలో "సమ్మెట వ్రేటులం" దగ్గర ట ని లఘువుగా మింగేసి ఇక్కడ తి కి అడ్డం పడతావేం?

గణాల గోల: వ్రేటు తెలుగు మాట, శ్రీ సంస్కృతం, రెండిటికీ ఒకటే లెక్కా మాస్టారూ? అయినా "పోటులం" అనే పాఠం తీసుకుంటే ఆ పేచీయే లేదు.

ఓరుగల్లు పోరడు: సమ్మెటతోని పొడుస్తరానే? కొడ్తరు. వ్రేటే. మా బమ్మెర దిక్కు ఎవర్నడిగినా గదే చెప్తరు.

మిట్ట మీద రాముడు: మీ బమ్మెర అంట! ఒంటిమిట్టోళ్లం ఈడనే ఉండాం అన్నా, చూసి మాట్లాడు.

పాత పంతులు: అయ్యా, పోతన ఊరు ఓరుగల్లా ఒంటిమిట్టా అనే ఆ ఏకశిలానగరం తగువు ఇక్కడ వద్దు, పోయినసారి మూడ్రోజులు తెగలేదు.

నిప్పులాంటి నిజం: అసలా పద్యం మీ కరపత్రానికే ఎదురు తగుల్తుంది. సొమ్ము పుచ్చుకోనన్నాడాయన, మీరేమో పుచ్చుకుంటాం, మాట్లాడతాం కూడా అంటున్నారు.

పాత పంతులు: "ఇచ్చి" అన్న మాట దాటేశావు. కృతి, అంటే కావ్యం, రాజుల చేతిలో పెట్టి బదులుగా ఊళ్లూ వాహనాలూ పట్టడం, ఆ బేరం నచ్చలేదు పోతనకి. విరాళం తీసుకుని కృతి మాత్రం ఇవ్వనివాణ్ణి ఆయనేమీ అనలేదు.

రేపల్లె ప్యాసింజర్: అదే మాస్టారూ! నల్గొండలో ఫ్లోరైడ్‌కి కాళ్లు వంకరపోయిన పిల్లలకి కాలిపర్లు (కాళ్లకి కట్టే ఊతాలు) ఇస్తే సేవ, ఆ ఊరికి కృష్ణా నీళ్లు రావాలని రోడ్డు మీద కూర్చుంటే రాజకీయమా? పార్టీలతో పొత్తు లేకుండా జనం కోసం బందు చేసినవాళ్లకి ఆ రూల్ తగలదని కోర్టు అన్నది అందుకేగా. పద్యం చివర "జగద్ధితంబుగన్" (లోకం మేలు కోసం) అన్నది కూడా అక్కడే కుదురుతుంది.

నిప్పులాంటి నిజం: సంస్థకి రాజకీయ ముద్ర వేసే అధికారం ప్రభుత్వానికిచ్చిన ఐదో సెక్షన్‌ని కొట్టెయ్యలేదు కదా. బయటి డబ్బు క్రియాశీల రాజకీయాల్లోకి రాకూడదన్న ఉద్దేశం సబబేనని అదే కోర్టు అంది. అదీ వెయ్యండి కరపత్రంలో.

గుంటూరు మిర్చి: తీర్పిచ్చిన ఇద్దరిలో జస్టిస్ నాగేశ్వరరావు గారు మనవాడేనండోయ్! కానీ ఆ ఏడాది సెప్టెంబరులోనే చట్టం సవరించేశారుగా, ఒక సంస్థకొచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదని, విదేశీ డబ్బులో ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 కి దించుతూ. పెద్ద సంస్థ ద్వారా నాలుగు రాళ్లు అందే పల్లెటూరి సంఘాల పని అయిపోయింది, ఇక బందు చేసే హక్కుండి ఏం చేసుకుంటారు.

చిన్న సందేహం: "కాలుచే సమ్మెట వ్రేటులం" అంటే కాలితో తన్నడమా?

పాత పంతులు: కాలుడు తల్లీ, యముడు. కాలితో సమ్మెట ఎవరెత్తుతారమ్మా.

ఓరుగల్లు పోరడు: 😂 గీ పద్యం పక్కకు "కాటుక కంటినీరు" వెయ్యి అన్నా, "కర్ణాట కిరాట కీచకులకు" సరస్వతిని అమ్మనన్నడు గదా, గది ఇంకా ఘాటు.

గణాల గోల: అది పోతనదో, ఎవరో అల్లి ఆయన పేరున చెప్పుకునే చాటువో ముందు తేల్చండి.

మిట్ట మీద రాముడు: పోతనదే. దాన్ని గూడా లాగేసుకుంటారా?

రేపల్లె ప్యాసింజర్: అయ్యా, తి సంగతి ఎవరైనా చెప్తారా? డీటీపీ అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేశాడు.

గణాల గోల: తో. రాసుకో.

పాత పంతులు: శ్రీ. ఇంకోటి, "సొమ్ములుఁ గొన్ని"లో అరసున్న వదలొద్దని చెప్పు ఆ అబ్బాయికి.