సమస్య: హిట్లరెదుట జనము హేల నవ్వె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. మొన్న ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో, హిట్లరును ఎగతాళి చేస్తూ చాప్లిన్ తీసి నటించిన 'ది గ్రేట్ డిక్టేటర్' (1940) చూశాను. నియంత భూగోళపు బుడగతో ఆడుకుంటుంటే హాలంతా పగలబడి నవ్వింది. అది పగిలి అతడు ఏడిస్తే ఇంకా నవ్వింది. ఇంటికి చేరేసరికి ఈ పాదం తయారైంది. హిట్లరు ఎదుట నవ్వే ధైర్యం ఎవరికి? పై మూడు పాదాలు పూరించి చిక్కు విప్పండి.

లెక్కల మాస్టారు:
చిట్టి మీస మలరఁ జిందులు వేయుచు
భువిని బంతిఁ జేసి పొంగి యాడు
చాప్లినాటఁ జూచి చప్పట్లు చరచుచు
హిట్లరెదుట జనము హేల నవ్వె.

నిర్వాహకుడు: ధార బాగుంది మాస్టారూ. కానీ జనం నవ్వింది చాప్లిన్‌ను చూసి. మధ్యలో హిట్లరు ఎక్కడినుంచి వచ్చాడు? సినిమాలో ఆ పాత్ర పేరైనా హిట్లరు కాదు, టొమేనియా అనే ఊహాదేశపు నియంత హింకెల్. మూడో పాదం చివర 'చప్పట్లతో దొంగ' అనండి. 'దొంగ హిట్లరెదుట', అంటే నకిలీ హిట్లరు ఎదుట, అని అన్వయం కుదురుతుంది, గణాలూ చెడవు.

లెక్కల మాస్టారు: తప్పు దిద్దుకున్నాను. ఒక్క 'దొంగ'తో దొరికిపోయాను!

నేలటికెట్టు:
పైన బాంబువాన, పదిలమా బ్రతుకన్న
దిగులు మాని హాలు దిశగ నడచి
లండనందుఁ దెరను రంకెలు వేయు నా
హిట్లరెదుట జనము హేల నవ్వె.

నిర్వాహకుడు: ఈ పూటకు ఇదే మేలు. చిత్రం లండన్‌కు వచ్చింది 1940 డిసెంబరులో. సెప్టెంబరు నుంచే నగరం మీద బాంబులు. 'రంకెలు' చక్కగా పడింది. హింకెల్ ఉపన్యాసం జర్మన్‌లా వినిపించే అర్థంలేని అరుపే కదా.

కొత్త విద్యార్థిని:
చావుకొలిమి కథలు చాటున దాఁగఁగాఁ
దెలియలేదు నిజము దేశములకు;
నేఁడు గొంతు పట్టు! నాఁడు మాత్రము బొమ్మ
హిట్లరెదుట జనము హేల నవ్వె.

నేలటికెట్టు: మూడో పాదంలో యతి, అంటే మొదటి అక్షరానికి పాదం మధ్యలో కుదరాల్సిన జత, తప్పింది తల్లీ. 'నే'కు 'నా' చెల్లదు.

లెక్కల మాస్టారు: తొందరపడకండి. నేఁడు–నాఁడు ప్రాసయతి, అంటే రెండో అక్షరాల జత, ఆటవెలదికి చెల్లుతుంది.

నేలటికెట్టు: నిజమే, చూసుకోలేదు. అయినా నవ్వుల సమస్యకు ఇంత బరువెందుకమ్మా?

కొత్త విద్యార్థిని: బరువు నాది కాదండీ. నాజీ నిర్బంధ శిబిరాల ఘోరాలు ముందే తెలిసి ఉంటే ఆ చిత్రం తీయగలిగేవాడిని కానని చాప్లినే 1964లో ఆత్మకథలో రాసుకున్నారు. అది చదివాక మళ్లీ చూస్తే, బుడగ ఘట్టానికి నవ్వాను. చిత్రంలోని యూదు మంగలి ఉండే వీధిలో సైనికులు చొరబడినప్పుడు నవ్వలేకపోయాను. ఇంకో సందేహం: నిర్వాహకులు గారూ, విలాసంగా నవ్వారనడానికి 'హేల నవ్వె' అని ఎవరైనా అంటారా?

నిర్వాహకుడు: అనరమ్మా. 'హి'కి యతి దొరక్క 'హేల'ను పట్టుకొచ్చాను.