యాంగ్ ఫూజియా కులపతా, అధ్యక్షుడా? "ఉప" దగ్గర ఆగిపోయాను

అందరికీ నమస్కారం. ఒక పిల్లల పత్రికకి పేజీన్నర వ్యాసం రాస్తున్నాను. చైనా న్యూక్లియర్ ఫిజిసిస్టు యాంగ్ ఫూజియా గురించి. 1936లో షాంఘైలో పుట్టి 2022 జూలైలో పోయారు. చదువు, పరిశోధన అన్నీ సాఫీగానే తెలుగులోకి వచ్చాయి. పదవుల దగ్గరే చిక్కుకున్నాను. 1993 నుంచి 1998 దాకా షాంఘైలోని ఫూదాన్ యూనివర్సిటీకి ప్రెసిడెంటు, 2001 నుంచి 2012 దాకా ఇంగ్లండులో నాటింగ్‌హామ్ యూనివర్సిటీకి ఛాన్సలరు. ఫూదాన్‌ని నడిపింది ఆయనే కదా, మన వైస్ ఛాన్సలర్ (వీసీ) లాగే అనుకుని "ఫూదాన్ ఉపకులపతిగా, ఆ తర్వాత నాటింగ్‌హామ్ కులపతిగా" అని రాసేశాను. మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. చదివి, "పిన్నీ, అంటే ఆయనకి ప్రమోషన్ వచ్చిందా?" అంది.

కాదే అన్నాను. ఎందుకు కాదో మాత్రం చెప్పలేకపోయాను. మీరేమంటారు?

విశాఖ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్:
అమ్మా, పాప అడిగింది సబబే. తప్పు "ఉప"ది. ఉపముఖ్యమంత్రి, ఉపసర్పంచ్, ఉపనది, ఎక్కడ చూసినా "ఉప" అంటే పెద్దదాని పక్కన చిన్నది. యూనివర్సిటీలో మాత్రం పనంతా ఉప గారిదే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఛాన్సలర్ గవర్నరు. ఆయన స్నాతకోత్సవానికి వస్తారు, ఫోటో దిగుతారు, వెళ్తారు. ఫైలు కదిలేది వీసీ గది నుంచే. డీమ్డ్ యూనివర్సిటీలకొస్తే కథ వేరు, అక్కడ ఛాన్సలర్ అంటే చాలాసార్లు యజమాని అన్నమాట!

ఇంకో సంగతి. వెనకటి తరం వైస్ ఛాన్సలర్‌ని "ఉపాధ్యక్షులు" అనేది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు, 1926లో. ఆ మాట ఇప్పుడు రాస్తే ఆయన ఎవరి కిందో పనిచేశారనుకుంటారు. నా సలహా, ఛాన్సలర్‌ని ఛాన్సలర్ అనే ఉంచేయండి.

నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చేసిన ఒకరు:
నేను చేరేసరికి ఆయన దిగిపోయారు, వేరే ఛాన్సలర్ ఉన్నారు. అయినా పద్ధతి అదే. ఏడాదంతా ఛాన్సలర్ ఎవరో మాకు పట్టదు. పట్టా రోజున గౌను వేసుకుని వేదిక మీద కూర్చుంటారు, మన పేరు పిలుస్తారు, పలకరిస్తారు, అంతే. యూనివర్సిటీని నడిపేది అక్కడా వైస్ ఛాన్సలరే. మన పద్ధతి వాళ్ల నుంచి వచ్చిందే కాబట్టి నాటింగ్‌హామ్ వరకు "కులపతి" నప్పుతుంది అక్కా. ఫూదాన్‌కే నప్పదు.

షాంఘైలో తొమ్మిదేళ్లుగా ఉంటున్న ఒకరు:
అసలు మెలిక చైనీస్‌లో ఉందండీ. వాళ్లకి ఉన్నది ఒకటే మాట, "శ్యావ్‌జాంగ్". శ్యావ్ అంటే బడి, జాంగ్ అంటే పెద్ద. బడిపెద్ద. మా అబ్బాయి ప్రైమరీ స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌నీ అదే అంటారు, ఫూదాన్ ప్రెసిడెంటునీ అదే అంటారు. నాటింగ్‌హామ్ ఛాన్సలర్‌కీ చైనా పత్రికలు ఆ మాటే వాడాయి. దాంతో చైనాలో వార్త ఎలా చేరిందంటే, బ్రిటన్‌లో పేరున్న యూనివర్సిటీకి మన చైనావాడు శ్యావ్‌జాంగ్ అయ్యాడు అని. గౌరవం గొప్పదే, కాదనను. కానీ అది ఏలే పదవో, ఏడాదికి కొన్నిసార్లు వెళ్లే పదవో ఆ మాటలో తెలియదు. మీ పాప అడిగిన ప్రశ్న అక్కడ ఎవరికీ రాదు, ఎందుకంటే ఆ రెండు పదవుల పేర్లలోనూ "ఉప" లేదు!

పైగా ఫూదాన్ లాంటి చోట ప్రెసిడెంటు ఒక్కడే పెద్ద కాదు. కమ్యూనిస్టు పార్టీ కమిటీ నాయకత్వంలో ప్రెసిడెంటు పనిచేయాలన్నది అక్కడి నియమం, అందుకని పార్టీ కార్యదర్శి కుర్చీ కూడా ఉంటుంది. మన కులపతి, ఉపకులపతి జంటలో ఈ కుర్చీకి చోటే లేదు.

సంస్కృతం వచ్చిన ఒక సభ్యుడు:
కులపతి అనే మాటకి పాత నిర్వచనం ఒకటుంది. పదివేలమంది శిష్యులకి అన్నం పెట్టి చదువు చెప్పే ఋషి కులపతి. భారతం మొదలయ్యే చోట నైమిశారణ్యంలో పన్నెండేళ్ల సత్రయాగం చేసే శౌనకుడు కులపతే. ఆ లెక్కన మెస్ నడిపేవాడూ పాఠం చెప్పేవాడూ కులపతి అవ్వాలి, గవర్నరు కాదు. మనవాళ్లు ఛాన్సలర్‌కి ఆ మాట తగిలించి, అసలు కులపతి పని చేసేవాడికి "ఉప" పెట్టారు. ఆ నిర్వచనం పట్టుకుంటే యాంగ్ గారు ఫూదాన్‌లో ఉన్నప్పుడే కులపతి.

విశాఖ లెక్చరర్:
భేష్. మెస్ బిల్లు మాట ఎత్తకండి.

నేను:
కడుపు నిండిందండీ. ఇంకో రెండు సందేహాలు. మొదటిది చిన్నది, పేరు. ఇంగ్లీషు కాగితాల్లో కొన్నిచోట్ల "ఫూజియా యాంగ్" అని ఉంది. యాంగ్ ఇంటిపేరు కదా, మనలాగే ముందు ఇంటిపేరు పెట్టే ఊరు అది. కట్టమంచి రామలింగారెడ్డి అన్నట్టే యాంగ్ ఫూజియా అని ఉంచేశాను. పొట్టిగా రాయాల్సి వస్తే "యాంగ్" అంటున్నాను.

రెండోది ఇంకా తేలలేదు. "అణు శాస్త్రవేత్త" అని రాస్తే పిల్లలకి వెంటనే బాంబు గుర్తొస్తోంది. చైనా మొదటి అణుపరీక్ష 1964 అక్టోబరులో. అప్పుడు ఈయన అక్కడ లేనే లేరు. 1963 నుంచి 65 దాకా కోపెన్‌హాగన్‌లో పేరున్న ఫిజిసిస్టు నీల్స్ బోర్ పెట్టిన సంస్థలో ఉన్నారు. బోర్ అంతకుముందు ఏడాదే పోయారు, కొడుకు ఆగె బోర్ సంస్థని చూస్తున్నారు. పశ్చిమ దేశాలకి చైనా నుంచి వెళ్లేవాళ్లే అరుదైన రోజులవి.

విశాఖ లెక్చరర్:
"అణు" వద్దు. పాఠ్యపుస్తకంలో అణువు అంటే మాలిక్యూలు, పరమాణువు అంటే ఆటము, దాని నడిమిది కేంద్రకం. పేపర్లలో మాత్రం అణుబాంబు, అణువిద్యుత్తు. నలభై ఏళ్లు క్లాసులో ఇదే తంటా. "కేంద్రక భౌతిక శాస్త్రవేత్త" అనండి. నోరు తిరగదంటారా, "న్యూక్లియర్ ఫిజిసిస్టు" అనే ఉంచండి. మా యూనివర్సిటీలో స్వామి జ్ఞానానంద పెట్టిన ల్యాబుని అందరం న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్ అనే అన్నాం, కేంద్రక ప్రయోగశాలకి పోతున్నా అన్నవాడు లేడు.

షాంఘై సభ్యుడు:
చైనీస్‌లో కేంద్రకానికి వాడే మాట "హె". దాని పాత అర్థం పండులో గట్టి గింజ. పీచ్ పండు టెంక కూడా "హె"నే. యాంగ్ 1987 నుంచి 2001 దాకా డైరెక్టరుగా ఉన్న షాంఘై న్యూక్లియర్ పరిశోధన సంస్థ పేరులో ఉన్నదీ ఆ టెంకే.

శ్రీకాకుళం నుంచి ఒకరు:
మాకు టెంక మామిడికే అండి, మిగతావన్నీ పిక్కలు. చింతపిక్క, జీడిపిక్క. "పిక్క భౌతిక శాస్త్రం" అంటే మా ఊళ్లో కాలి పిక్క అనుకుంటారు.

సంస్కృతం సభ్యుడు:
లాటిన్ న్యూక్లియస్ కూడా గింజలోని పలుకే కదా. రెండు భాషలు పండు కోసి చూశాయి, మనం మాత్రం వృత్తం గీసి మధ్యలో చుక్క పెట్టాం.

నేను:
ఇది బాగుంది, పిల్లల పేజీలో టెంక బొమ్మ పెట్టేస్తాను. పనిలో పనిగా ఆ శాస్త్రం దేనికి పనికొస్తుందో చెప్పడానికి కత్తి కథ కూడా. యువె రాజు గోజియాన్ కత్తి 1965లో హూబెయ్‌లో ఒక సమాధిలో దొరికింది. రెండువేల ఏళ్లకి పైబడినా పదును పోలేదు. దాన్ని కోయకుండా, గీయకుండా లోహం తేల్చాలి. 1977లో ఫూదాన్ యాక్సిలరేటర్ (కణాల్ని వేగంగా తరిమే యంత్రం) ల్యాబులో దాని మీదికి ప్రోటాన్లు అనే కణాల్ని వదిలారు. అవి తగిలితే రాగి ఒక రకం ఎక్స్ కిరణం విసురుతుంది, తగరం ఇంకో రకం. కంసాలి గీటురాయి లాంటిదే, గీత మాత్రం పడదు. యాంగ్ చదివిందీ, 1958లో డిగ్రీ కాగానే పాఠాలు చెప్పడం మొదలుపెట్టిందీ ఆ ఫూదాన్‌లోనే.

ఆయన చదివిన బడి పేరు కూడా చూడండి, "గెజి". వస్తువుని తరచి చూసి జ్ఞానం పెంచుకోవడం అనే పాత మాటకి అది పొట్టిరూపం. పందొమ్మిదో శతాబ్దంలో చైనాలో సైన్సుకి అదే పేరు. ఇప్పుడు ఫిజిక్స్‌ని "వూలీ" అంటారు, బడి పేరులో మాత్రం పాతది మిగిలింది.

పదవుల వాక్యం ఇలా మార్చాను: "1993 నుంచి 1998 దాకా ఫూదాన్ విశ్వవిద్యాలయాన్ని నడిపారు. 2001 నుంచి 2012 దాకా ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా ఉన్నారు. అక్కడ పట్టాలిచ్చే పెద్దరికం ఆయనది, నడిపే పని వైస్ ఛాన్సలర్‌ది."

విశాఖ లెక్చరర్:
ఇది తెలుగు. "నడిపారు" దగ్గర తగాదా తీరిపోయింది.

నేను:
తీరలేదు మాస్టారూ. కింద ఇంకో వాక్యం ఉంది. 2004లో నాటింగ్‌హామ్ వాళ్లు యాంగ్ పూర్వీకుల ఊరైన నింగ్‌బోలో యూనివర్సిటీ తెరిచారు, విదేశీ యూనివర్సిటీతో కలిసి చైనాలో పెట్టినవాటిలో మొదటిది. ఇంగ్లండులోని గడియారం గోపురాన్ని పోలిన భవనం కూడా కట్టారు. ఆ నింగ్‌బో యూనివర్సిటీకి ఈయనే ప్రెసిడెంటు, కానీ రోజువారీ వ్యవహారం చూసింది ఇంగ్లండు నుంచి వచ్చిన వేరే ఆయన. పాప అది కూడా చదివింది. "మరి ఇక్కడ నడిపారా, పెద్దరికమా?" అంటోంది.

షాంఘై సభ్యుడు:
శ్యావ్‌జాంగ్ అని చెప్పండి.