ట్రమడాల్ బిళ్ళ ఆపితే మా తమ్ముడు నిలబడలేకపోతున్నాడు, ఎలా మాన్పించాలి?

నాగావళి ఒడ్డు:
రాయగడ నుంచి రాస్తున్నాను. మా తమ్ముడికి నడుంనొప్పికని రాసిన బిళ్ళ ఇది: ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా. కలిసి ఉంటాయి. ఏడాదిన్నర అయింది. మొదట్లో రోజుకి రెండు, ఇప్పుడు పన్నెండు. ఒక్కసారిగా ఆపితే మర్నాటికే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకడం, విరేచనాలు. రెండో రాత్రి తలలో కరెంటు కొట్టినట్టుందని, ఒంటిమీద చీమలు పాకుతున్నాయని లేచి కూచున్నాడు. మళ్ళీ వేసుకున్నాక సర్దుకుంది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఎలా తగ్గించాలి? నిద్రకి ఆల్ప్రాజోలం ఇవ్వచ్చా? ఈమధ్య "నేనుండి ఏం లాభం" అంటున్నాడు, అదీ బిళ్ళ వల్లేనా? ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందేమోనని వాడికి భయం.

వంశధార:
ముందు బిళ్ళల లెక్క చూడండి. పన్నెండు బిళ్ళలంటే ట్రమడాల్ 450 మి.గ్రా. రోజుకి 400 దాటకూడదు, దాటినకొద్దీ ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. పారాసెటమాల్ 3,900 మి.గ్రా. అవుతుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4,000 హద్దు, మద్యం తాగేవాళ్ళకి ఇంకా తక్కువ. జ్వరానికో జలుబుకో ఇంకో బిళ్ళ వేసుకుంటే ఆ హద్దు కూడా దాటిపోయాడన్నమాట. అందుకని లివర్ పరీక్ష చేయించండి, డాక్టరుగారు మిశ్రమ బిళ్ళ మాన్పించి ఒట్టి ట్రమడాల్ 50 మి.గ్రా. క్యాప్సూళ్ళ మీదకి మారుస్తారేమో అడగండి. తగ్గించడానికి అదే సుళువు, లివర్ మీద భారమూ పోతుంది.

తగ్గించే పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది. ముందు 400కి దింపుతారు. అక్కణ్ణుంచి వారానికో రెండు వారాలకో ఒక 50. పగటి డోసులు ముందు తీస్తారు, రాత్రిది ఆఖరికి ఉంచుతారు, లేకపోతే నిద్ర పోయి మనిషి మొత్తం పట్టు వదిలేస్తాడు. ఒంట్లో మరీ బాగోలేకపోతే ఆ మెట్టు మీదే ఇంకో వారం ఆగాలి, పైకి మాత్రం ఎక్కకూడదు. చాలామంది జారిపోయేది 100 దగ్గర. 400లో 50 అంటే ఎనిమిదో వంతు, 100లో 50 అంటే సగం. ఒంటికి ఆ రెండూ ఒకటి కావు. అక్కడ ఇంకా నెమ్మదిగా దిగాలి. ఎస్.ఆర్. అని రాసున్న బిళ్ళని విరవడం, నూరడం చెయ్యొద్దు, గంటల తరబడి మెల్లగా దిగాల్సిన మందంతా ఒక్కసారే రక్తంలోకి వెళ్ళిపోతుంది.

స్ట్రిప్పులు మీ దగ్గర పెట్టుకుని ఏ రోజుకారోజు లెక్కపెట్టి ఇవ్వండి. కోపంతో దాచేసి ఒక్కసారిగా మాన్పించడం మాత్రం వద్దు. వాడి పంతం వల్ల వచ్చిన బాధ కాదిది.

మహేంద్రగిరి:
తాయెత్తు మాట చదివి రాస్తున్నాను. చీమలు పాకడం, కరెంటు కొట్టడం గాలి కాదండీ. ట్రమడాల్ మిగతా మత్తు నొప్పిమందుల్లా ఒక్క పని చేసి ఊరుకోదు. నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తూ, డిప్రెషన్ మందుల్లాగా సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల్ని కూడా మెదడులో నిలిపి ఉంచుతుంది. ఆపితే రెండు వైపుల నుంచీ ఒకేసారి ఊడుతుంది. ముక్కు, విరేచనాలు, కాళ్ళ పీకుడు మొదటిదానివి. దడ, గాభరా, చీమలు, ఒక్కోసారి లేనివి కనబడడం రెండోదానివి. ఆఖరి డోసు తరవాత 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకి బాగా ముదిరి, వారం పది రోజుల్లో ఒంటి బాధ తగ్గుతుంది. నిద్ర, మనసు కుదురుకోడానికి వారాలు పడుతుంది.

ఆల్ప్రాజోలం మీ అంతట మీరు ఇవ్వొద్దు. ట్రమడాల్‌తో కలిస్తే నిద్రలో ఊపిరి మందగిస్తుంది, మద్యం తోడైతే మరీను. పైగా అదీ అలవాటయ్యేదే, హఠాత్తుగా ఆపితే దానివల్లా ఫిట్స్ వస్తాయి. వార్డులో డాక్టరు కొద్ది రోజులకి ఇస్తే ఆ సంగతి వేరు. విరేచనాలకి లీటరు నీళ్ళకి ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్, ఉప్పేసిన గంజి, తరవాణి ఇవ్వండి. వాంతులు విరేచనాలతో ఒళ్ళెండిపోయి ఉన్నప్పుడు నడుంనొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇలాంటి అలవాటు మాన్పించడానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు పేరు వింటారు. "ఇంకో మత్తు అంటగడతారు" అంటారు చాలామంది, నేనొప్పుకోను. నాలిక కింద కరిగే ఈ బిళ్ళ డాక్టరు చూపులో వాడితే బాధలేకుండా పనికి వెళ్ళగలుగుతారు. కాకపోతే ట్రమడాల్ ఆపాక కనీసం 12 గంటలు గడిచి, ఆవలింతలు, చెమటలు మొదలయ్యాకే మొదటి డోసు పడాలి. ముందే వేస్తే అది ట్రమడాల్‌ని తోసేసి, రెండు రోజుల బాధని ఒక్క గంటలో తెచ్చి పెడుతుంది. మింగితే పనిచెయ్యదు, పూర్తిగా కరిగేవరకూ నీళ్ళు కూడా తాగకూడదు.

తప్తపాణి:
నేను మీ ప్రశ్నలో మూడోదాని దగ్గర మొదలెడతాను. "నేనుండి ఏం లాభం" అన్నాడంటే, అది బిళ్ళ వల్లా మనసు వల్లా అని తేల్చుకునేదాకా ఆగొద్దు. ఈరోజే పక్కన కూచుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగో ఆలోచించావా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, వాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, బిళ్ళలూ పురుగుల మందూ ఇంట్లోంచి తీసేయించండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి రాత్రయినా పగలయినా ఫోను చెయ్యచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

మానేసిన మొదటి వారాల్లో దిగులు చాలామందికి ఉంటుంది. నెల దాటినా వీడకపోతే డిప్రెషన్‌కి విడిగా వైద్యం కావాలి. కానీ ట్రమడాల్ ఇంకా నడుస్తుండగా డిప్రెషన్ బిళ్ళ కలిపితే జ్వరం, వణుకు, కండరాలు ఎగరడం, తికమక రావచ్చు. అది అత్యవసరం, 108కి చెయ్యండి. అందుకే ఏ డాక్టరుకైనా ట్రమడాల్ మాట ముందు చెప్పాలి.

ఎక్కడికంటే, ముందు రాయగడ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి ఓపీ ఏ రోజో కనుక్కోండి. అక్కడ కుదరకపోతే కోరాపుట్ మెడికల్ కాలేజీ, లేదా రైలెక్కితే విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. పర్లాకిమిడి వైపు వాళ్ళు ఇది చదువుతుంటే, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. ఖాళీ స్ట్రిప్పులు, పాత చీటీలు పట్టుకెళ్ళండి. రోజుకి ఎన్ని, ఎప్పటినుంచి అన్నది కాగితం మీద అంకెల్లో రాసివ్వండి. అప్పుడు ఒడియా సరిగా రాకపోయినా డోసు తప్పిపోదు.

కేసు భయం గురించి: 2018 నుంచి ట్రమడాల్ ఎన్.డి.పి.ఎస్. చట్టం (మత్తుమందుల చట్టం) కిందికి వచ్చింది, చీటీ లేకుండా కొనడం అమ్మడం నేరమే. అదే చట్టంలో 64ఎ సెక్షను, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యానికి వచ్చినవాడికి, వాడకం వరకూ, విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

నాగావళి ఒడ్డు:
రాత్రే అడిగాను. ఆలోచన వచ్చిందన్నాడు, ఎలాగో అనుకోలేదన్నాడు. ఇవాళ వాడి పక్కన నేనున్నాను, రేపు పొద్దున్నే జిల్లా ఆసుపత్రికి వెళ్తున్నాం. మానేశాక జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

వంశధార:
ఒకటుంది, ఇంట్లో అందరికీ చెప్పండి. కొన్ని వారాలు మానేసిన ఒళ్ళు పాత డోసు తట్టుకోలేదు. నొప్పి తిరగబెట్టిందనో, దిగులుతోనో వాడు మళ్ళీ ఆ పన్నెండు బిళ్ళలూ వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. గురక పెడుతూ లేపినా లేవకపోయినా, పెదవులు నీలంగా మారినా, కంటిపాప సూదిమొనంత అయిపోయినా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. తెల్లారేదాకా నిద్రపోనిద్దామని చూడొద్దు.