ఒహాయో నుంచి కాన్సస్ దాకా: ఒకే పేరున్న ఇద్దరిలో మా అల్లుడి పూర్వీకుడు ఎవరు?

ప్రశ్న (కాన్సస్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అల్లుడు కాన్సస్‌లోనే పుట్టి పెరిగిన అమెరికన్. ఆరు తరాల వెనకటి పెద్దాయన ఒకరు ఒహాయోలో బయలుదేరి, మజిలీ మజిలీగా పడమటికి జరుగుతూ, 1870 దశకంలో కాన్సస్‌లోని జ్యూయెల్ కౌంటీకి చేరారని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన తల్లిదండ్రులెవరో ఎవరికీ తెలియదు. మనవరాలి కోసం ఆ వివరం రాసిపెడదామని నేను పూనుకున్నాను.

1860 జనాభా లెక్కల్లో ఆయన కుటుంబం అయోవాలోని మహాస్కా కౌంటీలో దొరికింది. ముగ్గురు పిల్లల్లో తొమ్మిదేళ్లవాడు ఒహాయోలోను, ఆరేళ్ల పాప ఇండియానాలోను, రెండేళ్లవాడు అయోవాలోను పుట్టినట్లు రాశారు కనుక దారి స్థూలంగా తెలిసినట్టే. చిక్కంతా ఒహాయోలో ఉంది. ఆయన పేరు జాన్, ఇంటిపేరూ అంతే సాధారణమైనది. 1850 లెక్కల్లో ఆ పేరుతో, దాదాపు అదే వయసుతో, మేరీ అనే భార్యతో, ఇంకా పిల్లలు లేనివాళ్లు ఇద్దరున్నారు: ఒకరు గెర్న్‌సీ కౌంటీలో, మరొకరు మోర్గన్ కౌంటీలో. 1860 నాటికి ఒహాయోలో ఆ ఇద్దరిలో ఎవరూ కనిపించడం లేదు. 1840 లెక్కల్లో ఇంటి యజమాని పేరు తప్ప మిగతావాళ్లను అంకెలుగానే రాశారు కాబట్టి అక్కడ దారి మూసుకుపోయింది. ఈ ఇద్దరిలో మావాడెవరో తేల్చడం ఎలా? ఇంటర్నెట్‌లో ఉన్న వంశవృక్షాలన్నీ గెర్న్‌సీ ఆయననే చూపిస్తున్నాయి గాని, ఒక్కదానిలోనూ ఆధారం లేదు.

సమాధానం 1 (కొలంబస్, ఒహాయో నుంచి)

అమ్మా, ఆ వంశవృక్షాలు ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకున్నవి. పదిచోట్ల కనిపించినంత మాత్రాన అవి పది సాక్ష్యాలు కావు, వాటిని పక్కన పెట్టండి. నేను ఇక్కడ భూముల హక్కు పత్రాలు పరిశీలించే ఉద్యోగం చేస్తాను కాబట్టి నాకు జనాభా లెక్కల కన్నా దస్తావేజుల మీదే నమ్మకం ఎక్కువ. మన దగ్గర పొలం కొనేటప్పుడు లింకు దస్తావేజులు అడిగినట్టే, చివరి ఊరి నుంచి ఒక్కొక్క మెట్టూ వెనక్కి రండి. ఆ కాలపు క్రయ దస్తావేజుల్లో అమ్మేవారు, కొనేవారు ఏ కౌంటీ, ఏ రాష్ట్ర నివాసులో రాయడం మామూలు. మహాస్కాలో ఆయన మొదటి పొలం కొన్న దస్తావేజులో ఇండియానా కౌంటీ పేరు దొరకవచ్చు. ఒహాయో పొలాన్ని ఊరు విడిచాక అమ్మి ఉంటే, ఆ దస్తావేజులో ఆయన కొత్త చిరునామా ఉంటుంది. భర్త ఆస్తి మీద తనకున్న హక్కును వదులుకుంటూ భార్య సంతకమో, చదువు రాకపోతే X గుర్తో పెడుతుంది కనుక ఆమె పేరు కూడా సరిచూసుకోవచ్చు.

ఇంకొక సంగతి. 1851లో గెర్న్‌సీ, మోర్గన్, మన్రో, వాషింగ్టన్ కౌంటీల నుంచి ముక్కలు తీసి నోబుల్ కౌంటీ ఏర్పాటు చేశారు. ఒహాయోలో చిట్టచివర ఏర్పడ్డ కౌంటీ అదే. మీరు చెప్పిన ఇద్దరూ ఇల్లు కదలకుండానే నోబుల్ కౌంటీ వాసులు అయిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు 1851 తరవాతి కాగితాలు గెర్న్‌సీలోనో మోర్గన్‌లోనో వెతికితే దొరకవు, కాల్డ్‌వెల్‌లోని నోబుల్ కౌంటీ కోర్టు రికార్డుల్లో వెతకాలి.

తల్లిదండ్రుల విషయానికొస్తే, వెళ్లిపోయినవాడి జాడ ఎక్కువగా ఊళ్లో మిగిలిపోయినవాళ్ల కాగితాల్లోనే ఉంటుంది. తండ్రి ఒహాయోలోనే చనిపోయి ఉంటే ప్రొబేట్ కోర్టులో (వీలునామాలు, వారసత్వ వ్యవహారాలు చూసే కోర్టు) ఆస్తి పంపకం ఫైలు ఉంటుంది. అందులో వారసులు ఎవరెవరు, ఎక్కడెక్కడ ఉంటున్నారు అని రాసే చోట "జాన్, అయోవా రాష్ట్రం" అన్న ఒక్క మాట కనబడితే మీ వెతుకులాట ముగిసినట్టే.

సమాధానం 2 (డెమోయిన్, అయోవా నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, అయోవా వరకు కొన్ని మాటలు చేరుస్తాను. అయోవా 1856లో సొంతంగా జనాభా లెక్కలు తీసింది. ఆ లెక్కల్లో ప్రతి మనిషీ ఈ రాష్ట్రానికి వచ్చి ఎన్నేళ్లయిందో రాశారు. మీ కుటుంబం అందులో ఉంటే వచ్చిన సంవత్సరం దాదాపు ఖాయమవుతుంది, లేకపోతే ఆ తరవాతే వచ్చారని అనుకోవచ్చు. ఆ పుటల్లో మీవాళ్ల ఒక్క ఇల్లే చూసి మూసేయకండి. అటు పది ఇళ్లు, ఇటు పది ఇళ్లు చూసి, ఒహాయోలో పుట్టి అన్నే సంవత్సరాల క్రితం వచ్చినవాళ్ల పేర్లన్నీ రాసుకోండి. ఆ రోజుల్లో బండి కట్టిన కుటుంబాలు ఒంటరిగా బయలుదేరడం అరుదు, బావమరుదులో, ఒకే చర్చివాళ్లో కలిసి కదిలేవారు. ఆ ఇంటిపేర్లు 1850 నాటి గెర్న్‌సీలో ఉన్నాయా, మోర్గన్‌లో ఉన్నాయా అన్నది చూస్తే మొగ్గు ఎటో తెలుస్తుంది.

మేరీ పుట్టింటిపేరు కూడా పట్టుకోవాలి. పిల్లల్లో ఎవరైనా కాన్సస్ వెళ్లకుండా అయోవాలోనే ఉండిపోయి 1925 దాకా జీవించి ఉంటే అదృష్టమే, ఎందుకంటే ఆ ఏటి రాష్ట్ర లెక్కల్లో ప్రతివారి తల్లిదండ్రుల పేర్లూ, తల్లి పుట్టింటిపేరూ అడిగారు.

ఒక హెచ్చరిక. ప్రభుత్వ భూముల పట్టాలు ఉచితంగా చూపే వెబ్‌సైటులో మహాస్కా పట్టా మీద ఒక సైనికుడి పేరు కూడా కనిపిస్తే, మీ పెద్దాయన సైన్యంలో పనిచేశారని అనుకోకండి. సైనికులకు బహుమానంగా ఇచ్చిన భూమి వారంట్లను (ప్రభుత్వ భూమి పొందే హక్కు పత్రాలను) వాళ్లు తరచుగా అమ్ముకునేవారు. కొన్న రైతు పేరు మీద పట్టా వచ్చినా, అసలు సైనికుడి పేరు దాని మీద నిలిచిపోతుంది.

సమాధానం 3 (ఒమాహా, నెబ్రాస్కా నుంచి)

కాన్సస్ 1875 రాష్ట్ర లెక్కల్లో "ఎక్కడినుంచి కాన్సస్ వచ్చారు" అన్న గడి ఉంది, ముందు అది చూడండి. జ్యూయెల్ కౌంటీలో ఆయన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం (కాపురముండి సేద్యం చేసేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చే చట్టం) కింద 160 ఎకరాలు తీసుకుని ఉంటే, పట్టా కాగితంతో ఆగిపోకుండా దాని వెనకున్న అసలు ఫైలును రాజధాని వాషింగ్టన్ డి.సి.లోని నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారం) నుంచి తెప్పించుకోండి. దానికి ఎన్.ఎ.టి.ఎఫ్. 84 అనే ఫారం ఉంది, పట్టా వివరాలు అందులో రాయాలి. అయిదేళ్లు కాపురముండి సేద్యం చేశామని రుజువు చేసుకునేటప్పుడు ఇచ్చిన వాంగ్మూలం అందులో ఉంటుంది: ఇల్లు ఎన్ని అడుగులు, ఎన్ని ఎకరాలు దున్నారు, బావి తవ్వారా, పండ్ల చెట్లు నాటారా, ఇంట్లో ఎంతమంది. చదువుతుంటే ఆ పొలం గట్టున నిలబడినట్టే ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లు అందులో ఉండవు గాని, సాక్షులుగా నిలిచిన ఇద్దరి పేర్లను పై మిత్రులు చెప్పిన ఇరుగుపొరుగు జాబితాతో పోల్చి చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కౌంటీ విడిపోయిన సంగతి నాకు తట్టనే లేదు. నోబుల్ కౌంటీ ప్రొబేట్ సూచికను ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల వెబ్‌సైటులో తెరిచి చూస్తే ఆ ఇంటిపేరుతో రెండు ఆస్తి ఫైళ్లు ఉన్నాయి. ఒకటి 1858 నాటిది. చాలా పుటలున్నాయి, చేతిరాత బాగా అలుక్కుపోయి ఉంది. ముందు ఏ పుట చూడాలి?

సమాధానం 1 (కొలంబస్, ఒహాయో నుంచి)

ముందు నుంచి చదవకండి, ఫైలు చివర ఉండే ఆస్తి జమాఖర్చుల తుది లెక్కల దగ్గర మొదలుపెట్టండి. వాటా అందుకున్న ప్రతి వారసుడూ సంతకం చేసిన రసీదులు అక్కడే కుట్టి ఉంటాయి. దూరాన ఉన్నవాడు స్వయంగా రాలేడు కనుక అన్నకో బావకో అధికార పత్రం రాసి పంపిస్తాడు, దాన్ని తను ఉంటున్న కౌంటీ అధికారి ముందు రాయించుకుని ముద్ర వేయించాలి. మహాస్కా కౌంటీ ముద్రతో అలాంటి కాగితం ఏమైనా ఉందేమో వెతకండి.