భార్య ఫిర్యాదు చేస్తే భర్తను అరెస్టు చేయాలా, నోటీసు ఇచ్చి పంపాలా?

రమణ: మా పెదనాన్న కొడుకు మీద పోయిన నెల, భార్యను వేధించాడని 498ఏ పెట్టారు (ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85). ఊళ్లో ఉన్న పెద్దమ్మ పేరూ రాశారు. రాత్రి పోలీసులొస్తారని ఆవిడ రెండు రోజులుగా గుళ్లో పడుకుంటోంది. ఆడవాళ్లు కాగితం ఇస్తే చాలు, అందర్నీ లోపలేసేస్తారా?

పద్మజ: రమణ గారూ, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2012లో ఈ సెక్షన్ కింద 1,97,762 మందిని అరెస్టు చేస్తే వాళ్లలో 47,951 మంది ఆడవాళ్లే. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ లెక్కే చూపించి, కేసు పెట్టారు కదా అని అరెస్టు చేయొద్దంది. ముందు విచారణకు రమ్మని నోటీసు ఇవ్వమంది. మంచిదే.

కానీ ఆ నోటీసును నేను ఇంకో వైపు నుంచి చూశాను. మా కింది వాటాలో ఉండే అమ్మాయి గాజులు పగిలి, మణికట్టు వాచి స్టేషన్‌కు వెళ్లింది. సర్దుకుపోమని చెప్పారు. కేసు రాశాక భర్తకు నోటీసు ఇచ్చి పంపేశారు. రాత్రి తొమ్మిదింటికి అది చొక్కా జేబులో పెట్టుకుని వచ్చి, ‘ఏం చేశారు నన్ను?’ అని మెట్ల దగ్గరే అరిచాడు. తెల్లారేదాకా ఆ పిల్ల మా వంటింట్లో కూర్చుంది.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. మళ్లీ నేరం చేస్తాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో కారణం ఉంటే అరెస్టు చేయొచ్చు. వద్దనుకుంటే ఆ నిర్ణయాన్ని రెండు వారాల్లో మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరి ఒంటికి ప్రమాదమో ఎస్సై ఒక్క మాట అడిగి ఉంటే చాలు కదండీ!

సురేష్: మరి మగాడు దెబ్బలు తింటే? మా ఫ్రెండ్ నుదురు చిట్లి వెళ్తే స్టేషన్‌లో నవ్వారు. 85 భార్యలకే, 2005 గృహహింస చట్టం కూడా ఆడవాళ్లకే.

పద్మజ: నవ్వడం ముమ్మాటికీ తప్పు. గాయం గాయమే. మామూలు దెబ్బలంటే మేజిస్ట్రేటు చెప్పకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు, అందుకే ముందు ఆస్పత్రిలో గాయం రాయించమనండి. అయితే దానికోసం 85 ఎత్తేయాలంటే నేను ఒప్పుకోను. మా కింది అమ్మాయికి అదొక ఆధారం.

రమణ గారూ, పొద్దుగూకాక తెల్లారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఈ మాట చెప్పి ఇవాళే పెద్దమ్మను ఇంటికి తీసుకొచ్చేయండి.