అప్‌డేట్: పళ్లు మారుతున్న పిల్లికూన తిండి మానేసిన సంగతి

నాలుగున్నర నెలల పిల్లికూన డ్రై ఫుడ్ ముట్టడం లేదు, బొమ్మల మీద రక్తపు మరకలు, ఛార్జర్ వైర్లన్నీ కొరుకుతోంది అని టెన్షన్‌తో అడిగింది నేనే. సమాధానం ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్, ఇప్పుడు గిన్నె నాకేస్తోంది.

డాక్టర్ చూసి పాలపళ్లు ఊడుతున్నాయంతే అన్నారు. 26 పాలపళ్లు పోయి 30 పళ్లు వస్తాయట, మామూలుగా ఆరేడు నెలల వయసుకి అయిపోతుంది. కాకపోతే మా దానికి పైన కొత్త కోర దిగినా పాతది ఊడకుండా దాని పక్కనే అతుక్కుని ఉంది, అదే నొప్పి. అలాగే ఉండిపోతే సందులో తిండి ఇరుక్కుని చిగురు పాడవుతుంది కాబట్టి మత్తిచ్చి తీయాల్సి వస్తుందన్నారు. అదృష్టం, ఆ లోపే ఊడింది, దుప్పటి మీద బియ్యపుగింజంత పన్ను దొరికింది.

డ్రై ఫుడ్‌ని గోరువెచ్చని నీళ్లలో మెత్తగా నానబెట్టి పెట్టమన్న సలహా ఆ పూటే పనిచేసింది. తడిగుడ్డ ఫ్రిజ్‌లో చల్లబరిచి కొరకడానికిస్తే వైర్ల జోలికి పోవడం కూడా తగ్గింది, అయినా వైర్లు దాచేయండి. ఫుడ్ బ్రాండ్ మార్చమని, నులిపురుగుల మందు మళ్లీ వేయమని వచ్చిన సలహాలు రెండూ దీనికి సంబంధం లేనివే. నొప్పికి పారాసెటమాల్ చుక్కలు వేయమని ఒకరన్నారు, దయచేసి ఎవరూ వేయకండి, పిల్లులకు అది విషం, కొంచెం పడినా ప్రాణం పోవచ్చు.