ఏడో తరగతి పరిశోధన ప్రమాణాలకు లైబ్రరీ డేటాబేస్‌లను ఎలా వాడించాలి?

ప్రశ్న: ఏడో తరగతి ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, అమెరికా

అందరికీ నమస్కారం. మా రాష్ట్రంలోని బడులు 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలను, అంటే ఏ తరగతిలో పిల్లలకు ఏమేమి రావాలో చెప్పే ఉమ్మడి ప్రమాణాలను, అనుసరిస్తున్నాయి. రచనా విభాగంలోని ఎనిమిదో ప్రమాణం ప్రకారం ఏడో తరగతి విద్యార్థి అచ్చులోనూ, డిజిటల్ రూపంలోనూ ఉన్న పలు ఆధారాల నుంచి సమాచారం సేకరించాలి. వెతికే పదాలను సమర్థంగా వాడాలి. ప్రతి ఆధారమూ ఎంత నమ్మదగినదో తేల్చుకోవాలి. ఇతరుల మాటలను ఉటంకించినా, సొంత మాటల్లో చెప్పినా అవి ఎక్కడివో చూపాలి. మా లైబ్రరీకి ఎబ్స్కో, గేల్, బ్రిటానికా స్కూల్ అనే ఆన్‌లైన్ వ్యాసాల డేటాబేస్‌ల చందాలు ఉన్నాయి. అయినా పిల్లలు మొదట కనిపించిన వ్యాసాన్ని తెరిచి, పైనున్న సారాంశాన్ని దింపుకొని, సిద్ధంగా ఉన్న సైటేషన్‌ను (ఆధారం వివరాలను) అతికించి పని అయిపోయిందంటున్నారు. కాగితం మీద ప్రమాణం నెరవేరినట్టే ఉంటుంది కానీ పిల్లలకు వచ్చినదేమీ కనిపించడం లేదు. మీరు ఈ డేటాబేస్‌లను ఎలా వాడిస్తున్నారో దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పాఠశాల లైబ్రేరియన్

ఆ ప్రమాణాన్ని వేర్వేరు తరగతులకు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చదివితే దారి దొరుకుతుందండీ. ఆరో తరగతిలో వెతికే పదాల ప్రస్తావనే లేదు. ఏడులో అది కొత్తగా చేరుతుంది. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ప్రామాణికమైన ఆధారాలు, అడ్వాన్స్‌డ్ సర్చ్, అడిగిన ప్రశ్నకు ఆధారం ఎంతవరకు ఉపయోగపడుతుందన్న అంచనా వచ్చి చేరతాయి. కాబట్టి మీ తరగతిలో బోధించవలసిన అసలు విషయం వెతకడమే, దొరికిన వ్యాసం కాదు.

ఉదాహరణకు 1930లలో కరవు, ధూళి తుపానులు అమెరికా రైతులను దెబ్బతీసిన డస్ట్ బౌల్ గురించి రాయమంటే పిల్లలు 'రైతులు ఊళ్లు ఎందుకు వదిలారు' అని మొత్తం వాక్యాన్ని టైపు చేస్తారు, సంబంధం లేని ఫలితాలు వచ్చిపడతాయి. అప్పుడు కాస్త పనికొచ్చే వ్యాసం ఒకటి తెరిపించి, దానికి డేటాబేస్ జోడించిన విషయ శీర్షికలను చూపించండి. కరవు, నేల కోత, వలస అన్న శీర్షికలు అక్కడ కనబడతాయి. వాటిలో రెండింటిని కలిపి మళ్లీ వెతకమనండి. మొదట ఏ పదాలు వాడారు, ఏమి వచ్చింది, తర్వాత పదాలు ఎందుకు మార్చారు అన్న చిన్న నమోదును వ్యాసంతో పాటు తీసుకోండి. నేనైతే మార్కుల్లో సగం ఆ నమోదుకే ఇస్తాను.

ఇంకొక్క మాట. డేటాబేస్‌లోని వ్యాసాలను ముందే ఎవరో ఎంపిక చేసి పెట్టారు గనుక, అక్కడ మాత్రమే వెతికే పిల్లలకు నమ్మదగినదేదో తేల్చుకునే అవసరమే రాదు. అందుకే అదే అంశంపై బయటి వెబ్ పేజీ ఒకటి కూడా తెమ్మని, రాసినవారెవరు, ఎప్పుడు రాశారు, ఏ ప్రయోజనంతో రాశారు అని రెండింటినీ పోల్చమంటాను.

జవాబు 2: చరిత్ర ఉపాధ్యాయుడు

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూ మా వైపు నుంచి ఒకటి చేరుస్తాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు చరిత్ర పఠనంలోని తొమ్మిదో ప్రమాణం, ఒకే అంశంపై ప్రాథమిక (ఆ కాలంలోనే పుట్టిన), ద్వితీయ (తర్వాత ఇతరులు రాసిన) ఆధారాల మధ్య సంబంధాన్ని విశ్లేషించమంటుంది. డేటాబేస్‌లోని విజ్ఞాన సర్వస్వ వ్యాసం ద్వితీయ ఆధారంగా సరిపోతుంది. ప్రాథమిక ఆధారాలకు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా అందుబాటులో ఉంచిన పాత పత్రికలు, ఫోటోలు చాలు. 1935 ఏప్రిల్ 14 నాటి ధూళి తుపానుపై ఆనాటి వార్తను, నేటి వ్యాసంలోని పేరాను పక్కపక్కన పెడితే, వార్తలో లేని కారణాలు వ్యాసంలో ఎలా వచ్చాయన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది. ఆ కాలపు వలస రైతు కుటుంబాల ఫోటోలను ప్రభుత్వమే తీయించిందని చెబితే రచయిత ఉద్దేశానికి సంబంధించిన ఆరో ప్రమాణం కూడా అందులోనే వచ్చేస్తుంది.

జవాబు 3: ఇంగ్లిష్ రెండో భాషగా నేర్పే ఉపాధ్యాయిని

డేటాబేస్‌లలో వ్యాసం చదవడానికి ఎంత కష్టమో అంకెతో చూపే లెక్సైల్ ఫిల్టర్ విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సూచించిన పరిధి 925 నుంచి 1185. ఆ అంకె వాక్యాల పొడవును, పదాలు ఎంత తరచుగా వాడుకలో ఉంటాయన్నదాన్ని బట్టి వచ్చేదే తప్ప, విషయం ఎంత క్లిష్టమో చెప్పదు. చిన్న వాక్యాల్లో రాసిన ఆర్థిక మాంద్యం వ్యాసం నా విద్యార్థులకు కొరుకుడు పడలేదు, దానికన్నా ఎక్కువ అంకె ఉన్న తుపాను వర్ణనను మాత్రం సులువుగా చదివారు. అంకెతో పాటు పాఠం స్వభావాన్నీ, చదివేవారినీ, ఇచ్చిన పనినీ కూడా చూడాలని ప్రమాణాల అనుబంధమే చెబుతోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నమోదు పద్ధతి నచ్చింది. అయితే నూరు మందికి పైగా ఉన్న విద్యార్థుల నమోదులన్నీ దిద్దడం ఎలా?

జవాబు 1 ఇచ్చినవారు

అన్నీ చదవనక్కరలేదండీ. ప్రతి విద్యార్థినీ తాను పదాలు మార్చిన ఒక్క సందర్భాన్ని ఎంచుకొని, ఎందుకు మార్చారో మూడు వాక్యాల్లో రాయమనండి, దానినే దిద్దండి. ఆ మూడు వాక్యాలు రాయలేకపోయిన పిల్లలను మాత్రం లైబ్రరీకి పంపితే, కూర్చోబెట్టి మళ్లీ వెతికించే బాధ్యత మీ లైబ్రేరియన్ తీసుకోవచ్చు.